ఆనకట్టకు ప్రపంచ గుర్తింపు సరే.. సదస్సుకు ఆతిథ్యం ఎవరిది?

రాజమహేంద్రవరం: ధవళేశ్వరం ఆనకట్టకు 2022 అక్టోబర్‌లో ఆస్ట్రేలియాలోని అడిలైడ్ నగరంలో ప్రపంచ వారసత్వ సాగునీటి కట్టడంగా గుర్తింపు లభించింది. ఆ గుర్తింపునిచ్చిన సంస్థ అంతర్జాతీయ నీటిపారుదల, మురుగునీటి పారుదల కమిషన్ (ఐసీఐడీ). మరుసటి ఏడాది నవంబర్ 2 నుంచి 8 వరకు అదే సంస్థ తన 25వ మహాసభను మన రాష్ట్రంలోనే, విశాఖపట్నంలో నిర్వహించింది. దేశదేశాల సాగునీటి ఇంజినీర్లు, జల నిపుణులు వారం రోజులపాటు బస చేసిన రుషికొండ తీరానికి, వారు వారసత్వ సంపదగా ప్రకటించిన ఆనకట్టకు మధ్య దూరం దాదాపు 200 కిలోమీటర్లు. డెల్టాకు ప్రశంసాపత్రం వచ్చింది. అతిథులు మాత్రం విశాఖకు వెళ్లారు.

దీనిని విశాఖపై అసూయతో చెప్పుకోవలసిన పని లేదు. అంతటి మహాసభను భరించే వసతి అప్పటికి రాష్ట్రంలో మరో నగరానికి లేదన్నది వాస్తవం. అయితే 2027 దగ్గరపడుతున్న వేళ ఈ సంగతిని గోదావరి జిల్లాల వారు మరోసారి పరిశీలించుకోవలసి ఉంది. సర్ ఆర్థర్ కాటన్ పర్యవేక్షణలో 1847లో మొదలై 1852లో పూర్తయిన ఆనకట్టకు 2027తో 175 ఏళ్లు నిండుతాయి. గోదావరి పుష్కరాలు వచ్చేదీ ఆ సంవత్సరమే. పాత ఆనకట్ట స్థానంలో 1970-82 మధ్య నిర్మించిన బ్యారేజీకి ఉన్న గేట్లు కూడా, యాదృచ్ఛికంగానే అయినా, 175. ధవళేశ్వరం వైపు 70, ర్యాలి వైపు 43, మద్దూరు వైపు 23, విజ్జేశ్వరం వైపు 39. ఇన్ని సందర్భాలు కలిసి వచ్చిన ఏడాది అంతర్జాతీయ నిపుణులను ఇక్కడికే రప్పించాలన్న ఆలోచన సహజం. ఆలోచన వచ్చిన వెంటనే ఎదురయ్యే ప్రశ్న ఒక్కటే. పిలిచేది ఎవరు? వచ్చిన వారి బాధ్యత తీసుకునేది ఎవరు?

విశాఖకు ఎలా వచ్చింది?

ఐసీఐడీ 1950 జూన్ 24న భారతదేశంలోనే పురుడు పోసుకున్న సంస్థ. ప్రధాన కార్యాలయం నేటికీ న్యూఢిల్లీలోనే ఉంది. తొలి మహాసభ 1951లో, ఆరవ మహాసభ 1966లో ఢిల్లీలో జరిగాయి. ఆ తరువాత మహాసభ మళ్లీ మన దేశానికి రావడానికి 57 ఏళ్లు పట్టింది. ఈ మహాసభ మూడేళ్లకోసారి జరుగుతుంది. ఏ దేశంలో జరగాలన్నది ఏళ్ల ముందుగానే నిర్ణయమవుతుంది. ఆహ్వానం పలకవలసింది నగరమో, జిల్లా యంత్రాంగమో కాదు. సభ్యదేశానికి చెందిన జాతీయ కమిటీ. మన దేశంలో ఆ బాధ్యత కేంద్ర జలశక్తి శాఖ పరిధిలోని భారత జాతీయ ఉపరితల జల కమిటీది.

జాతీయ కమిటీ పేరు పత్రంపై ఉంటుంది. కానీ హోటల్ గదుల నుంచి వాహనాల వరకు, భద్రత నుంచి భోజనాల వరకు చూసుకోవడానికి సభ జరిగే చోట మరొకరు ఉండి తీరాలి. విశాఖ విషయంలో ఆ స్థానంలో నిలిచింది రాష్ట్ర ప్రభుత్వం, దాని జలవనరుల శాఖ. ప్రారంభ సభలో నాటి ముఖ్యమంత్రి వై.ఎస్.జగన్‌మోహన్‌రెడ్డి, నాటి కేంద్ర జలశక్తి మంత్రి గజేంద్రసింగ్ షెకావత్, ఐసీఐడీ అధ్యక్షుడు రగబ్ రగబ్ పాల్గొన్నారు. వ్యవసాయంలో నీటి కొరతను ఎదుర్కోవడం ఆ మహాసభ ప్రధానాంశం.

అదే 2023 మార్చిలో విశాఖలో పెట్టుబడిదారుల సదస్సు జరిగింది. నెలాఖరున జీ-20 దేశాల మౌలిక వసతుల కార్యబృందం సమావేశమైంది. అంటే నవంబర్ నాటికి నగరానికి విదేశీ అతిథులను విమానాశ్రయంలో స్వాగతించి, హోటళ్లకు చేర్చి, సభలు నడిపించి తిరిగి సాగనంపే పని కొత్త కాదు. ఆతిథ్యం ఒకసారి దక్కిన ఊరికే మరోసారి దక్కుతుందన్నది ఈ రంగంలో అందరికీ తెలిసిన సత్యం. దక్కని ఊరికి ఎప్పటికీ తొలి అవకాశం ఎలా వస్తుందన్నదే చిక్కు.

స్థానిక భాగస్వామి అంటే..

అంతర్జాతీయ సదస్సు అనే మాటకు కూడా ఒక కొలత ఉంది. ఆమ్‌స్టర్‌డామ్ కేంద్రంగా పనిచేసే అంతర్జాతీయ సదస్సుల సంఘం (ఐసీసీఏ) లెక్కలోకి రావాలంటే సమావేశానికి కనీసం 50 మంది ప్రతినిధులు హాజరు కావాలి. అది క్రమం తప్పకుండా జరిగేదై ఉండాలి. కనీసం మూడు దేశాల మధ్య చక్రంలా తిరుగుతూ ఉండాలి. మన ప్రాంతంలో కొన్ని కళాశాలల గేట్ల మీద కనిపించే అంతర్జాతీయ సదస్సుల బ్యానర్లలో చాలా వాటికి ఈ కొలత సరిపోదు. తెరమీద ఒక విదేశీ ఆచార్యుడు ఇరవై నిమిషాలు కనిపించి మాయమైతే సదస్సు అంతర్జాతీయం అయిపోతోంది. న్యాక్ గుర్తింపు దస్త్రంలో ఒక అంకె పెరుగుతోంది. ఇటువంటి వాటిని చూపి విదేశీ వృత్తి సంఘాన్ని ఒప్పించడం సాధ్యం కాదు.

బయటి నుంచి వచ్చే వృత్తి సంఘం మొదట చూసేది డబ్బు బాధ్యత. ప్రతినిధుల రుసుములు వస్తాయి. కానీ అవి సదస్సు దగ్గరపడేకొద్దీ వస్తాయి. హాలుకు, హోటళ్లకు అడ్వాన్సులు మాత్రం ఏడాది ముందే కట్టాలి. ఈ మధ్యకాలపు ఖర్చును భరించేవారు, అనుకున్నంత మంది రాకపోతే లోటును మోసేవారు ఎవరో ఒప్పందంలో స్పష్టంగా రాయవలసి ఉంటుంది. స్థానిక భాగస్వామికి ఇదే అసలు పరీక్ష. వేదికపై కుర్చీ కోరేవారు పది మంది దొరుకుతారు. లోటుకు సంతకం చేసేవారు ఒక్కరు దొరకడం కష్టం.

రెండవది అనుమతుల వ్యవహారం. విదేశీ ప్రతినిధులకు సదస్సు వీసా రావాలంటే నిర్వాహకుల ఆహ్వానపత్రంతో పాటు కేంద్ర విదేశాంగ శాఖ రాజకీయ అనుమతి, హోంశాఖ అనుమతి అవసరమవుతాయి. కొన్ని దేశాల వారికి పరిశీలన మరింత లోతుగా ఉంటుంది. విదేశీ విరాళం స్వీకరించాలంటే విదేశీ విరాళాల నియంత్రణ చట్టం కింద నమోదు ఉండాలి. ఈ కాగితాలన్నీ ఢిల్లీలో కదలాలి. జిల్లాలో ఉండి ఢిల్లీలో కాగితం కదిలించగలిగిన సంస్థలు వేళ్లమీద లెక్కపెట్టదగినన్ని.

మూడవది పైకి కనిపించనిది, కానీ సదస్సు పేరు నిలబెట్టేది. వచ్చిన వారిలో రోజుకు రెండుసార్లు ఇన్సులిన్ తీసుకునేవారుంటారు. పంది మాంసం తిననివారు, అసలు మాంసమే ముట్టనివారు ఉంటారు. ఇంగ్లిష్ అంతంతమాత్రంగా వచ్చిన వారు ఉంటారు. అర్ధరాత్రి హైదరాబాద్‌లో దిగి తెల్లవారుజామున మధురపూడికి వచ్చేవారి కోసం కారుతో, పేరు రాసిన అట్టతో ఒకరు నిలబడాలి. పొలాలకు తీసుకువెళ్లిన రోజున గట్టు మీద నడవలేని పెద్దవారికి కుర్చీ, మహిళలకు శుభ్రమైన మరుగుదొడ్డి ముందే చూసి ఉంచాలి. ఇటువంటి వాటిని ప్రభుత్వ ఉత్తర్వుతో చేయించడం కుదరదు. ఊరిని, మనుషులను ఎరిగినవారే చేయగలరు.

గోదావరి జిల్లాల మర్యాద గురించి వేరే చెప్పనక్కర లేదు. ఇంటికి వచ్చిన అల్లుడికి వందల రకాల వంటకాలతో విస్తరి వేసే సంగతి ఏటా సంక్రాంతికి వార్తగా వస్తూనే ఉంటుంది. అయితే విదేశీ ఇంజినీరు అల్లుడు కాదు. అతనికి కావలసింది వంద వంటకాలు కాదు. పది గంటలకు అన్న సభ పది గంటలకే మొదలుకావడం.

మనకున్న అనుభవం

రాజమహేంద్రవరానికి పెద్ద సభల అనుభవం అసలే లేదనడం సరికాదు. 2024 జనవరి 5, 6, 7 తేదీల్లో ద్వితీయ అంతర్జాతీయ తెలుగు మహాసభలు ఇక్కడి గైట్ ఇంజినీరింగ్ కళాశాల ప్రాంగణంలో జరిగాయి. గజల్ శ్రీనివాస్ అధ్యక్షుడిగా ఉన్న ఆంధ్ర సారస్వత పరిషత్తు ఆహ్వానించగా, చైతన్య విద్యాసంస్థలు స్థానిక భాగస్వామిగా నిలిచాయి. తొలి మహాసభలు 2022 జనవరిలో భీమవరంలో జరిగాయి. అంటే రెండేళ్ల వ్యవధిలో గోదావరి ఇరువైపులా రెండు జిల్లాలు ఈ సభలకు వేదికలయ్యాయి. ఆ తరువాత 2026 జనవరిలో అవి గుంటూరుకు వెళ్లాయి.

రాజమహేంద్రవరం సభలు కుదిరిన తీరు గమనించదగినది. పరిషత్తుకు పేరు, పరిచయాలు, కార్యక్రమ ప్రణాళిక ఉన్నాయి. విద్యాసంస్థకు స్థలం, సభామందిరాలు, బస్సులు, వసతిగృహాలు, పనిచేసే విద్యార్థులు ఉన్నారు. ఒకరికి ఉన్నది మరొకరికి లేదు. ఇలా పరస్పరం అవసరమైనప్పుడే భాగస్వామ్యం నిలుస్తుంది. నన్నయ భారతాన్ని తెనిగించడం ప్రారంభించిన ఊరు కావడం సభలకు భావోద్వేగ బలాన్నిచ్చింది.

అయితే భాషాభిమానుల సభకు, వృత్తినిపుణుల సదస్సుకు మధ్య తేడా ఉంది. తెలుగు మహాసభకు వచ్చే ప్రవాసాంధ్రుడు సొంత ఊరు చూసుకోవడానికి కూడా వస్తాడు. చుట్టాలింట దిగుతాడు. కార్యక్రమం గంట ఆలస్యమైతే కాఫీ తాగుతూ కబుర్లు చెప్పుకుంటాడు. నెదర్లాండ్స్ నుంచో, ఈజిప్టు నుంచో వచ్చే నీటిపారుదల నిపుణుడికి ఇక్కడ చుట్టాలు లేరు. ఒకేసారి నాలుగైదు గదుల్లో పరిశోధన పత్రాల సమర్పణ జరగాలి. ఒక్కో పత్రానికి పదిహేను నిమిషాలు. శాలువాలు, జ్ఞాపికల కార్యక్రమం ఆ పదిహేను నిమిషాల్లోకి చొరబడకూడదు.

ఇక పుష్కరాల అనుభవం. 2015 జూలైలో పన్నెండు రోజులపాటు గోదావరి తీరానికి కోట్లాదిగా భక్తులు తరలివచ్చారు. తొలిరోజు పుష్కర ఘాట్ వద్ద జరిగిన తొక్కిసలాట విషాదం ఈ నగరం మరువలేనిది. పుష్కరాల ఏర్పాట్లు లక్షల మందిని కదిలించే పని. సదస్సు ఏర్పాట్లు మూడు నాలుగు వందల మందిని పేరుపేరునా పట్టించుకునే పని. మొదటిది పోలీసు, రెవెన్యూ యంత్రాంగంతో సాగుతుంది. రెండవది సాగదు.

ఐదు జిల్లాల డెల్టాలో పెద్దదిక్కు ఎవరు?

2022 ఏప్రిల్ 4న జిల్లాల పునర్విభజన జరిగిన నాటి నుంచి ఈ ప్రశ్న మరింత జటిలమైంది. పూర్వం ఉభయ గోదావరి జిల్లాలుగా, ఇద్దరు కలెక్టర్ల పరిధిలో ఉన్న డెల్టా నేడు తూర్పుగోదావరి, కాకినాడ, కోనసీమ, పశ్చిమగోదావరి, ఏలూరు జిల్లాల మధ్య పంపిణీ అయింది. బ్యారేజీ తలమానికంగా ఉన్నది ధవళేశ్వరంలో. దాని నీరు పారే పది లక్షల ఎకరాలకు పైగా ఆయకట్టులో అధికభాగం ఇతర జిల్లాల్లో. రాజమహేంద్రవరంలో సదస్సు అంటే భీమవరం, అమలాపురం, కాకినాడల నుంచి ఎంత చేయూత లభిస్తుందో చెప్పడం కష్టం. ఎవరి జిల్లా పండుగ వారిదన్న ధోరణి ఈ నాలుగేళ్లలో బలపడింది.

అర్హత ఉన్నవారి జాబితా పరిశీలిస్తే మొదట కనిపించేది జలవనరుల శాఖ. బ్యారేజీ వారిది, రికార్డులు వారివి, కాటన్ మ్యూజియం వారిది. కానీ అధికారి బదిలీతో పాటు ఆయన చేపట్టిన పని కూడా బదిలీ అయిపోతుంది. మూడేళ్ల ముందు ఇచ్చిన మాటకు మూడేళ్ల తరువాత వచ్చిన అధికారిని కట్టుబడి ఉండమనడానికి ప్రభుత్వ ఉత్తర్వు కావాలి, నిధుల విడుదల కావాలి. 2006లో ఏర్పడిన ఆదికవి నన్నయ విశ్వవిద్యాలయం రాజానగరం వద్ద ఉంది. కాకినాడ జేఎన్‌టీయూకు సివిల్ ఇంజినీరింగ్ బోధనలో దశాబ్దాల పరంపర ఉంది. శాస్త్ర గౌరవం విషయంలో వీటికి లోటు లేదు. లోటుకు సంతకం చేసే స్వేచ్ఛ మాత్రం వీటికీ పరిమితమే.

ప్రైవేటు ఇంజినీరింగ్ కళాశాలలకు స్వేచ్ఛ ఉంది, వసతి ఉంది. వాటికి కావలసింది ప్రచారం. అందులో తప్పు లేదు. అయితే ప్రతి ఫ్లెక్సీ మీద యాజమాన్యం చిత్రపటం అతిథుల చిత్రాల కంటే పెద్దదిగా ఉండాలన్న పట్టుదల వచ్చిన చోట వృత్తి సంఘాలు వెనుకడుగు వేస్తాయి. చాంబర్ ఆఫ్ కామర్స్, వైద్యుల సంఘాలు, రోటరీ వంటి సేవా సంస్థలు ఆతిథ్యానికి బలమైన చేయి కాగలవు. వాటిని ఎవరైనా అడిగితే కదా!

ఈ జాబితాలో సాధారణంగా ఎవరూ చేర్చని వర్గం ఒకటుంది. 1997 నాటి రైతుల సాగునీటి యాజమాన్య చట్టం కింద ఏర్పడిన నీటి వినియోగదారుల సంఘాలు. 2024 డిసెంబర్‌లో వాటికి ఎన్నికలు జరిగాయి. డెల్టాలో ఈ సంఘాలకు పైన డిస్ట్రిబ్యూటరీ కమిటీలు, ఆపైన ప్రాజెక్టు కమిటీలు ఉన్నాయి. సాగునీటి సదస్సుకు సాగునీటి రైతు ఆతిథ్యమివ్వడం కంటే సబబైనది ఏముంది? రైతుల నీటి పొదుపునకు ఐసీఐడీ ప్రత్యేకంగా వాట్‌సేవ్ పురస్కారం ఇస్తోంది. సంఘాల వద్ద సదస్సుకు పెట్టగల డబ్బు లేదు. పొలం చూపించి, తమ లెక్క తాము చెప్పగల అనుభవం మాత్రం ఉంది. ఆ అనుభవం హోటల్ సభామందిరంలో దొరకదు.

ఇతర రంగాల్లోనూ ఇదే తీరు

ఈ వెలితి సాగునీటికే పరిమితం కాలేదు. రొయ్యల ఉత్పత్తిలో దేశంలో ఆంధ్రప్రదేశ్‌ది అగ్రస్థానం. అందులో భీమవరం పరిసరాలకు ఉన్న స్థానం అందరూ ఎరిగినదే. కానీ ప్రపంచ ఆక్వాకల్చర్ సొసైటీ ఆసియా పసిఫిక్ సదస్సు 2011లో కొచ్చికి, 2019లో చెన్నైకి వెళ్లింది. 2025 నవంబర్ నాటి ప్రపంచ సదస్సుకు ఆ సంస్థ హైదరాబాద్‌ను ఎంచుకుంది. చెరువులు ఇక్కడ, చర్చలు అక్కడ. నరసాపురంలో మత్స్య విశ్వవిద్యాలయానికి 2022 నవంబర్‌లో శంకుస్థాపన జరిగింది. అది పూర్తి స్థాయిలో నిలదొక్కుకుంటే ఆక్వా రంగానికి సహజ భాగస్వామి అదే అవుతుంది.

మార్టేరు వరి పరిశోధన కేంద్రం 1925లో ప్రారంభమైంది. అక్కడ పుట్టి 1982లో విడుదలైన స్వర్ణ (ఎంటీయూ 7029) దేశం ఎల్లలు దాటి పొరుగు దేశాల పొలాల్లోనూ పండింది. ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ ముంపును తట్టుకునే జన్యువును జోడించడానికి ఎంచుకున్నదీ స్వర్ణనే. అదే స్వర్ణ సబ్-1గా 2009లో రైతులకు చేరింది. మార్టేరు పేరు వినని వరి శాస్త్రవేత్త ఆసియాలో అరుదు. మార్టేరు చూసిన విదేశీ శాస్త్రవేత్తలు ఎందరన్నది వేరే సంగతి. కాటన్ దొర సన్నాలు పేరిట అక్కడి నుంచే మరో రకం వచ్చిందంటే ఆనకట్టకు, వరి గింజకు ఉన్న బంధం ఎంతటిదో తెలుస్తుంది.

మహాసభ కాదు.. మురుగు మీద కార్యశాల

ఐసీఐడీ మహాసభ మళ్లీ ఇప్పట్లో మన దేశానికి రాదు. 26వ మహాసభకు ఫ్రాన్స్‌లోని మార్సెయ్ నగరం ఎంపికైంది. అందువల్ల అంత పెద్ద కోరిక కోరడం కాలయాపన. అయితే ఆ సంస్థ గొడుగు కింద చిన్న సదస్సులు, కార్యశాలలు అనేకం జరుగుతాయి. 9వ అంతర్జాతీయ సూక్ష్మసేద్య సదస్సు 2019 జనవరిలో మహారాష్ట్రలోని ఔరంగాబాద్‌లో, నేటి ఛత్రపతి శంభాజీనగర్‌లో జరిగింది. అది ముంబయి కాదు, పుణె కాదు. నీటికి అల్లాడే మరాఠ్వాడాకు ముఖ్యపట్టణం. నీరు, భూమి యాజమాన్యంలో శిక్షణనిచ్చే వాల్మీ సంస్థ ఆ ఊరిలోనే ఉంది. చర్చించే సమస్య ఎక్కడ ఉందో అక్కడికి నిపుణులను తీసుకువెళ్లవచ్చని ఆ సదస్సు నిరూపించింది. మురుగునీటి పారుదలపై 13వ అంతర్జాతీయ కార్యశాల 2017 మార్చిలో ఇరాన్‌లోని అహ్వాజ్‌లో నిర్వహించారు. కారూన్ నది ఒడ్డున, చౌడు భూములతో సతమతమయ్యే ప్రాంతమది.

ఇక్కడే గోదావరి డెల్టాకు బలమైన వాదన ఉంది. ఐసీఐడీ పేరులో నీటిపారుదల సగం, మురుగునీటి పారుదల మిగతా సగం. డెల్టాకు దొర ఇచ్చిన కాలువల కథ ప్రపంచమంతా చెప్పుకున్నారు. రెండవ సగమే ఇంకా పూర్తి కాలేదు. సార్వాలో ఒక వాయుగుండం పడితే శివారు భూములు రోజుల తరబడి నీటిలో నానుతాయి. 1964 నాటి వరదల తరువాత ఏర్పాటైన మిత్రా కమిటీ కృష్ణా, గోదావరి డెల్టాల డ్రెయిన్లపై నివేదిక ఇచ్చింది. 1968లో డ్రెయినేజీ సెస్సు చట్టం వచ్చింది. రైతులు సెస్సు కట్టారు. అరవై ఏళ్లు గడిచినా యనమదుర్రు, కౌశిక, తుల్యభాగ డ్రెయిన్ల పేర్లు వానాకాలంలో వార్తలకెక్కుతూనే ఉన్నాయి. పూడిక, గుర్రపుడెక్క, గట్ల ఆక్రమణ, చేపల చెరువుల వృథానీరు, సముద్రపు పోటుకు ఎదురెక్కే ఉప్పునీరు. 2011 సార్వాలో కోనసీమ రైతులు పంట విరామం ప్రకటించి పొలాలను బీడు పెట్టినప్పుడు గిట్టుబాటు ధరతో పాటు వారు వినిపించిన ప్రధాన గోడు ఇదే. దానిపై ప్రభుత్వం మోహన్‌కందా కమిటీని వేసింది. నివేదిక వచ్చింది. ముంపు మాత్రం పోలేదు.

సముద్రమట్టానికి కొద్ది ఎత్తులో ఉన్న డెల్టాల్లో మురుగు తీయడం నెదర్లాండ్స్, వియత్నాం, ఈజిప్టు, బంగ్లాదేశ్ నిపుణులు నిత్యం ఎదుర్కొనే సమస్య. నైలు డెల్టాలో భూగర్భ గొట్టాల ద్వారా మురుగు తీసే విధానం దశాబ్దాలుగా విస్తృతంగా అమలులో ఉంది. మెకాంగ్ డెల్టాలో ఉప్పునీటిని అడ్డుకునే లాకులు కట్టారు. వీటిలో మనకు పనికివచ్చేది ఏది, రానిది ఏది అన్నది మన డ్రెయిన్ గట్టు మీద నిలబడి చూస్తేనే తేలుతుంది. విశాఖ మహాసభ ప్రధానాంశం నీటి కొరత. మన శివారు రైతు కష్టం నీరు ఎక్కువ కావడం. ఆ చర్చ జరగవలసిన ఊరు రాజమహేంద్రవరమే.

కార్యశాలకు మహాసభ అంతటి ఖర్చు ఉండదు. రెండు మూడు వందల మందికి సరిపడా గదులు నగరంలో ఉన్నాయి. 2024 డిసెంబర్ నుంచి మధురపూడికి ఢిల్లీ, ముంబయి నేరు విమానాలు నడవడం మొదలైంది. విశాఖ మహాసభకు జలశక్తి మంత్రిగా వచ్చిన షెకావత్, పర్యాటక మంత్రి హోదాలో 2025 జూన్ 26న రాజమహేంద్రవరం వచ్చి రూ.94.44 కోట్ల అఖండ గోదావరి ప్రాజెక్టుకు శంకుస్థాపన చేశారు. 1900లో ప్రారంభమై 1997లో రైళ్లు ఆగిన హేవలాక్ వంతెనకు అందులో కొత్త రూపు రానుంది. పర్యాటకుల కోసం కడుతున్నవి పరిశోధకులకూ పనికివస్తాయి.

మిగిలింది సంతకం. జలవనరుల శాఖ బ్యారేజీని, రికార్డులను తెరవాలి. ఒక విశ్వవిద్యాలయం పరిశోధన పత్రాల ఎంపిక బాధ్యత తీసుకోవాలి. ఒక ప్రైవేటు కళాశాల ప్రాంగణాన్ని, లోటుకు పూచీని ఇవ్వాలి. ప్రాజెక్టు కమిటీలు పొలాల పర్యటన నడపాలి. ఇవన్నీ ఒక్కరే చేయగలరని చూస్తూ కూర్చోవడం వల్లనే ఇన్నాళ్లూ ఎవరూ కదలలేదు. నలుగురు కలిసి ఒక కమిటీగా నమోదై, జాతీయ ఉపరితల జల కమిటీకి లేఖ రాస్తేనే దస్త్రం ఢిల్లీలో తెరుచుకుంటుంది. ఐదు జిల్లాల ప్రజాప్రతినిధులు ఆ లేఖపై కలిసి సంతకాలు చేస్తే దాని బరువు వేరు.

తేదీల విషయంలోనూ ముందుచూపు అవసరం. డెల్టా కాలువలను సాధారణంగా ఏప్రిల్‌లో కట్టివేసి జూన్ మొదట్లో వదులుతారు. ఆ నడుమ వచ్చినవారికి ఎండిన కాలువలే కనిపిస్తాయి. జూలై నుంచి సెప్టెంబర్ వరకు వరద భయం. 2022 జూలైలో బ్యారేజీ నుంచి 25 లక్షల క్యూసెక్కులకు పైగా సముద్రంలోకి వదలవలసి వచ్చింది. అక్టోబర్, నవంబర్ తుపానుల కాలం. సంక్రాంతికి భీమవరం చుట్టుపక్కల లాడ్జీల గదులు నెలల ముందే నిండిపోతాయి. 2027 వేసవి దాటితే రాజమహేంద్రవరంలో పుష్కరాల రద్దీ. దాళ్వా నాట్లు పడి, కాలువల్లో నీరు నిండుగా, డ్రెయిన్లలో మట్టం తక్కువగా ఉండేది జనవరి నెలాఖరు, ఫిబ్రవరి. పూడికను, గుర్రపుడెక్కను దగ్గరగా చూడటానికి అదే అదను. ఆ నెల కోసం గదులను, ప్రాంగణాన్ని ఖాయం చేసుకోవాలంటే లేఖ అంతకు ఏడాదిన్నర ముందే వెళ్లి ఉండాలి.